ఎర్రనీరు తేరాకే గాలం

గోదావరి జిల్లాల్లో చేపల కాలం ఏదని ఎవరిని అడిగినా జులై, ఆగస్టు అంటారు. వరదనీరు సముద్రంలో కలవడం మొదలవగానే పులస ఏటికి ఎదురీదుతుంది. యానాంలో, అంతర్వేదిలో, బొబ్బర్లంక దగ్గర వలకు చిక్కిన ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాటను ఏటా ఆ రెండు నెలలూ టీవీలు అరగదీస్తాయి. అదే కాలంలో రాడ్డూ రీలూ భుజాన వేసుకుని గోదారి గట్టెక్కినవాడు మాత్రం పొద్దున్నుంచి గుర్రపుడెక్కను లాగిలాగి, చేతులు కడుక్కుని ఇంటికి పోతాడు. పులస గాలానికి పడే చేప కాదు.

దాని నోరు చూస్తే సంగతి అర్థమవుతుంది. కరిచి పట్టే పళ్లు ఉండవు. మొప్పల లోపలి వైపు మాత్రం సన్నటి ముళ్లు దువ్వెన పళ్లలా బారులు తీరి ఉంటాయి. నీటిలో కంటికి ఆనని నాచునూ సూక్ష్మజీవులనూ ఆ జల్లెడతో వడకట్టుకుని మింగడమే దాని భోజనం. వానపాము, బతికున్న రొయ్య, తళతళలాడే ప్లాస్టిక్ చేప, ఇవేవీ దాని లెక్కలో తిండి కావు. పైగా గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే రోజుల్లో తినడం కూడా తగ్గిస్తుంది. అంటే డెల్టాకు ఇంత పేరు తెచ్చిన చేప పూర్తిగా వల సొత్తు. ఇక్కడ చేపల గురించి వినిపించే కాలజ్ఞానంలో చాలా భాగం వల వైపు నుంచి చెప్పిందే. గాలం క్యాలెండర్ వేరు. కొన్ని నెలల్లో అది వల క్యాలెండర్‌కు పూర్తిగా తలకిందులు.

సరదా వేటగాళ్లు వెంటపడేది పండుగప్ప, మాగ, పార, కోనెం లాంటి చేపల కోసం. కోనేన్నే వంజరం అని కూడా అంటారు. ఇవన్నీ తరిమి తినే రకాలు. వీటిలో ఎక్కువ చేపలు కంటిచూపును నమ్ముకుని వేటాడతాయి. మోచేతి దాకా చెయ్యి ముంచితే గోళ్లు కనపడనంత ఎర్రగా నీళ్లున్నప్పుడు ఎంత ఖరీదైన లూర్ (బొమ్మ ఎర) విసిరినా చీకటిగదిలో కన్నుకొట్టినట్టే. మాగ ఒక్కటి కొంచెం నయం. దాని గడ్డం కింద, రెక్కల మొదట్లో, ఒక్కో పక్క నాలుగేసి దారాల్లాంటి తీగలుంటాయి. బురదనీటిలో వాటితో అడుగును తడుముకుంటూ రొయ్యల జాడ పట్టగలదు. అందుకే నీళ్లు పూర్తిగా తేరకముందే, ఇంకా టీ రంగులో ఉండగానే గాలానికి వచ్చే మొదటి మంచి చేప చాలాసార్లు మాగే అవుతుంది.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో ఆ అంకె 35 లక్షలు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఇవి లంక గ్రామాల ప్రాణాలకు సంబంధించిన అంకెలు. వీటిని గాలం వేటకు వాడుకోవడం కాస్త సిగ్గుగానే ఉంటుంది. కానీ ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఏ చేప ఎక్కడుందో తెలియాలంటే అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆ అంకెనే. హెచ్చరిక దాకా పోని మామూలు వరద కూడా గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠ, వైనతేయ మొగల్లోని ఉప్పునీటిని సముద్రంలోకి నెట్టేస్తుంది. దాంతో పాటే ఉప్పు కోరే చేపలూ బయటికి జారుకుంటాయి. బ్యారేజీ దగ్గర అంకె తగ్గినంత మాత్రాన కింద మొగలో నీళ్లు ఆ రోజే తేరవు. సన్న ఒండ్రు సముద్రం ఎక్కే పోటుకీ, తగ్గే పాటుకీ మధ్య ఊగిసలాడుతూ రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది. వరద తగ్గిందన్న వార్త చదివి మర్నాడే బండెక్కి వచ్చేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

కార్తీకంలో పాయల దగ్గర

అక్టోబర్ సగానికి వచ్చేసరికి మొగల దగ్గర రంగు మారుతుంది. ఎరుపు పోయి ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు వస్తుంది. వర్షాకాలమంతా మడ అడవుల్లో, మునిగిన పల్లపు చేలల్లో, డ్రెయిన్లలో పెరిగిన రొయ్యపిల్లలు, కొయ్యింగ పిల్లలు, పేరు పెట్టడానికి కూడా అందనంత చిన్న చేపలు, నీరు తగ్గే కొద్దీ పాయల వెంట బయటికి రావాలి. వేరే దారి లేదు. పండుగప్పకు ఇది తెలుసు. అది వాటిని వెతుక్కుంటూ తిరగదు. గుమ్మం దగ్గర కాపు కాస్తుంది.

ఆ గుమ్మాన్ని దగ్గర నుంచి చూస్తే కానీ ఈ వేట ఏమిటో అర్థం కాదు. మడచెట్ల లోంచి వచ్చే చిన్న పాయ ఒకటి పెద్ద ఏట్లో కలిసే చోటు. పాటు మొదలై గంటో గంటన్నరో అయింది. చెట్ల వేళ్లు ఒక జానెడు బయటపడ్డాయి. పాయ నీరు టీ రంగులో, ఏటి నీరు కాస్త తేటగా ఉండి, రెండూ కలిసే చోట గీత గీసినట్టు ఒక అంచు ఏర్పడింది. ఆ అంచు మీద రొయ్యపిల్లలు చిటపటమని ఎగురుతున్నాయి. కాసేపు ఏమీ ఉండదు. ఉన్నట్టుండి వేళ్ల నీడలో ‘డబ్’ మని నీళ్లు లోపలికి గుంజుకున్నట్టు చప్పుడు. పండుగప్ప కొరికి తినదు. పెద్ద నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో సహా ఎరను లోపలికి పీల్చేస్తుంది, ఆ శబ్దమే అది. ఎర పడాల్సింది ఆ చప్పుడు వచ్చిన చోట కాదు, అక్కడికి రెండు బారల ఎగువన. పాయనీరు దాన్ని మోసుకొచ్చి చేప ముందు పెట్టాలి. అక్కడి రొయ్యపిల్లలన్నీ నీటివాలున వస్తుంటే ఒక్కటి మాత్రం ఎదురు ఈదుతూ కనిపిస్తే పండుగప్పకు అనుమానం వస్తుంది. రీలు గబగబా తిప్పే అలవాటున్న వాళ్లకు ఇక్కడ చేప పడకపోవడానికి సగం కారణం ఇదే.

పడ్డాక కూడా పని అయిపోదు. దాని పళ్లు గరుకు కాగితంలా ఉంటాయి కాబట్టి దారాన్ని నోటితో తెంపలేదు. తెంపేది చెంపతో. మొప్పల మీది గట్టి రెక్క అంచు కత్తిలా ఉంటుంది. చేప నీటి మీదికి ఎగిరి తల విదిలించినప్పుడు ఆ అంచు తగిలితే మామూలు నైలాను దారం పుటుక్కున తెగుతుంది. గాలానికి పైన రెండు మూర్ల మందపాటి దారం విడిగా కట్టేది ఇందుకే. మిగతా ఏర్పాట్లలో గొప్ప రహస్యాలేమీ లేవు. వెదురు కర్రకు జీలుగు బెండు కట్టి బతికున్న రొయ్య గుచ్చిన ఊరి కుర్రాడు, వేలు పోసి కొన్న రాడ్డు పక్కనే నిలబడి దానికన్నా పెద్ద చేపను లాగడం ఈ పాయల దగ్గర వింతేమీ కాదు.

ఇంకో విచిత్రం ఉంది. గాలానికి ఇంత మంచి నెల సరిగ్గా కార్తీకంలో పడుతుంది. డెల్టాలో చాలా ఇళ్లలో ఆ నెల నీచు ముట్టరు. చేప పట్టుకుని ఇంటికి వెళ్తే గుమ్మంలోనే ఆపేస్తారు. పట్టిన చేపను తిరిగి వదిలేయడం గురించి విదేశీ వీడియోలు చూసి నేర్చుకోనక్కర లేకుండానే ఈ నెల్లో కొందరు వదిలేస్తుంటారు. కారణం ఏదైనా చేపకు మాత్రం మేలే.

ఇదే నెలలకు ఇంకో ముఖం కూడా ఉంది. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యే లేస్తాయి. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమను తుడిచిపెట్టిన తుపాను ఈ కాలానిదే, అప్పుడు వేటకు వెళ్లి సముద్రంలో ఉన్న మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. ఇప్పుడు వాతావరణ శాఖ హెచ్చరికలు, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల అంచనాలు ఫోన్లోకే వస్తున్నాయి. సముద్రం మరీ నిశ్చలంగా, గాలి ఆడకుండా, చేపలు ఎగబడి తింటూ ఉన్న రోజున ఆ అంచనా ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. సరదాకి వచ్చినవాడికి ఆ రోజు సముద్రంలోకి వెళ్లి తీరాల్సిన అవసరం ఏదీ లేదు. బతుకు కోసం వెళ్లేవాడికి ఉంటుంది.

రోజులో ఏ గంట

నెల సరిగ్గా ఎంచుకుని గంట తప్పు ఎంచుకున్నా ఫలితం సున్నా. ఇక్కడ రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. చంద్రుడి లెక్కన నడుస్తాయి కాబట్టి ప్రతి రోజూ అవి ముందురోజు కన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. నిన్న ఆరు గంటలకు చేపలు పడ్డాయని ఇవాళ కూడా ఆరుకే గాలం వేసి కూర్చోవడం అందుకే పొరపాటు. కాకినాడ తీరంలో అమావాస్యకీ పౌర్ణమికీ నీటిమట్టం సుమారు ఒకటిన్నర మీటర్లు లేచి పడుతుంది. అష్టమి దగ్గర అందులో సగం కూడా ఉండదు. నీరు కదలకపోతే పాయల్లోంచి ఎర బయటికి రాదు, గుమ్మం దగ్గర కాపు కాసే చేపకు పని ఉండదు. అలాగని అమావాస్య రోజే అన్నిటికన్నా మంచిదని కాదు. ఆ రోజు పాటు మరీ ఉధృతంగా ఉండి అడుగు బురదను లేపుతుంది, బెండు నిలవదు. అమావాస్యకో పౌర్ణమికో తర్వాతి మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా, నీరు నడుస్తూనే కాస్త తేటగా ఉండే రోజులు గాలానికి అనువు. పంచాంగం ఇంట్లో ఉన్నవాడికి వేరే యాప్ అక్కర్లేదు.

డిసెంబర్ చివర నుంచి సంక్రాంతి దాకా పండుగప్ప మందగిస్తుంది. చలికి అది తినడం తగ్గిస్తుంది. తెల్లవారుజామున మంచులో వణుకుతూ కూర్చునే బదులు నీరు కాస్త వేడెక్కాక, పది దాటాక పోవడం మేలు. ఈ రోజుల్లో కాలువల మీద జెల్లలు, బొమ్మిడాయిలతో కాలక్షేపం చేసేవాళ్లే ఎక్కువ.

ఉప్పు ఎగదన్నే నెలలు

ఫిబ్రవరి నుంచి ఏరు ఇంకో రకంగా మారుతుంది. రబీ సాగుకు నీరంతా కాలువల్లోకి మళ్లిస్తారు. బ్యారేజీ కింద వదిలే నీరు నామమాత్రం. దాంతో సముద్రపు ఉప్పు పాయల వెంట ఎగదన్నుతుంది. తీరప్రాంత గ్రామాల్లో మంచినీటికి ఇబ్బంది మొదలయ్యేది కూడా ఈ రోజుల్లోనే. వర్షాకాలంలో మొగ దాటి బయట ఉన్న చేపలు ఇప్పుడు ఉప్పు వెంటే లోపలికి వస్తాయి. నిన్నమొన్నటి దాకా మంచినీటి చేపలు దొరికిన రేవులో పార పిల్లలు తగలడం మొదలైతే ఉప్పు అక్కడి దాకా వచ్చిందని వేరే పరికరం లేకుండానే తెలుసుకోవచ్చు. డెల్టాలో గాలం వేటకు ఇది రెండో మంచి కాలం. మొదటిదాని అంత ఉత్సాహంగా ఉండదు, కానీ తుపాను భయం తక్కువ.

సముద్రం వైపు కూడా ఫిబ్రవరి, మార్చి పొద్దులు నెమ్మదిగా ఉంటాయి. కాకినాడ తీరానికి అడ్డంగా గోదావరి మోసుకొచ్చిన ఇసుకతోనే ఏర్పడ్డ హోప్ ఐలాండ్ ఉంది. సుమారు 16 కిలోమీటర్ల పొడవున సన్నటి పట్టీలా సాగి లోపలి నీళ్లను పెద్ద అలల నుంచి కాపాడుతుంది. దాని బయటి వైపు, నీలి నీళ్లు మొదలయ్యే చోట, పడవ వెనక ఎర కట్టి నెమ్మదిగా నడిపితే కోనెం తగిలే అవకాశం ఉంటుంది. కోనేనికి పండుగప్ప లెక్క పనికిరాదు. దాని పళ్లు బ్లేడుల్లాంటివి. ఎంత మందం దారమైనా కొరికేస్తుంది, గాలం పైన జానెడు స్టీలు వైరు ఉండాల్సిందే. మధ్యాహ్నానికి దక్షిణపు గాలి లేచి సముద్రం గరగరమంటుంది. కాబట్టి తెల్లవారి వెళ్లి పదకొండు లోపు తిరిగి రావాలి.

ఆ దీవి ఇసుక మీద జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రి టార్చిలైట్లతో అక్కడ గాలం వేయడం తాబేళ్లకు నేరుగా హాని. పక్కనే ఉన్న కోరింగ మడ అడవి 1978లో అభయారణ్యం అయింది, దాని విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. పటంలో చూస్తే గాలానికి అన్నిటికన్నా ఊరించే పాయలన్నీ దాని లోపలే ఉంటాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా వాటిలోకి పడవ పోనివ్వడం నేరం. నీటి పిల్లి బతికేది కూడా ఆ పాయల్లోని చేపల మీదే. అభయారణ్యం హద్దు బయట ఏట్లో కలిసే పాయలు, డ్రెయిన్ల స్లూయిజ్‌లు (నీటి తలుపులు) సరదా వేటకు సరిపోయినన్ని ఉన్నాయి. సముద్రంలో కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో గ్యాస్ ప్లాట్‌ఫాంల చుట్టూ చేప గుమికూడుతుందనేది నిజమే. వాటి చుట్టూ 500 మీటర్ల భద్రతా వలయం ఉంటుందనేదీ అంతే నిజం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. యానాం పుదుచ్చేరి కిందికి వచ్చినా అక్కడా ఇవే తేదీలు. మోటారు బిగించిన పడవ ఏదైనా, అద్దెకు తీసుకున్నది అయినా, ఆ రోజుల్లో వేటకు కదలకూడదు. ఒడ్డున నిలబడి గాలం వేసేవాడికి ఈ నిషేధం అడ్డు రాదు. కానీ ఊరంతా పడవలు ఒడ్డుకు లాగేసుకుని, ప్రభుత్వం ఇచ్చే భృతి కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో అదే రేవులో నిలబడి సరదాకి చేపలు లాగుతూ ఫోటోలు దిగితే ఎవరికైనా మండుతుంది. అలాంటి చోట మాట పడితే తప్పు ఊరివాళ్లది అనడం కష్టం.

నిషేధం గురించి ఒక అపోహ కూడా ఉంది. గుడ్ల కాలం అంతా ఆ 61 రోజుల్లోనే అయిపోతుందనీ, జూన్ 15 నుంచి ఏ చేపనైనా నిశ్చింతగా పట్టొచ్చనీ అనుకుంటారు. ఆ నిషేధం అన్ని రకాల చేపలకూ కలిపి వేసిన ఒక సగటు లెక్క. పండుగప్ప వేసవి చివర నుంచి వర్షాకాలంలోకి గుడ్లు పెడుతుంది, అదీ మొగల దగ్గర ఉప్పు బాగా ఉన్న నీటిలో. సముద్రపు జెల్లల్లో మగచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, అన్ని రోజులూ ఏమీ తినదు. వలలో పడ్డ జెల్ల నోట్లోంచి గోలీల్లాంటి గుడ్లు రాలడం రేవుల్లో అందరూ చూసేదే. కాలువల్లో కొర్రమీను సంగతి ఇంకా ఘోరం. వానలు పడ్డాక దాని పిల్లలు ఎర్రటి ఉండలా ఒకేచోట తిరుగుతుంటాయి, తల్లీతండ్రీ కిందనే కాపలా ఉంటాయి. ఆ గుంపు మధ్యలో కప్పపిల్లను ఎరగా వేస్తే పెద్దచేప ఆకలితో కాకుండా కోపంతో వచ్చి కరుస్తుంది. అంత సులువుగా పడుతుంది కాబట్టే అది వేట అనిపించుకోదు. ఆ ఒక్క చేపను లాగితే మిగిలిన పిల్లలను గంటలో జెల్లలూ కొంగలూ ఊడ్చేస్తాయి.

పండుగప్పను వదిలేయడానికి ఇంకో గట్టి కారణం ఉంది. అది దాదాపు ఎప్పుడూ మగచేపగానే పుడుతుంది. కొన్నేళ్లు మగగా ఉండి, పెద్దయ్యాక ఆడగా మారుతుంది. మాగ కూడా ఇదే దారి. అంటే ఏట్లో ఉన్న పెద్ద చేపలే దాదాపు మొత్తం ఆడచేపలు. ఫోటోకి అందరూ కోరుకునేది కూడా సరిగ్గా వాటినే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో ఈ చేపకు విడిగా నిషేధ కాలం ఉంది, నదుల్లోనూ తీరంలోనూ 120 సెంటీమీటర్లు దాటినదాన్ని ఉంచుకోకూడదనే నియమం కూడా ఉంది. ఇక్కడ ఒక్కో గాలం వేటగాడికి అలాంటి కొలత నియమం అమల్లో కనపడదు. కాబట్టి ఎవరి లెక్క వాళ్లే పెట్టుకోవాలి.

ఊళ్లో పడవ నడిపే మనిషికి ఈ వదిలేయడం మొదట్లో పిచ్చిపనిలాగే ఉంటుంది. పదికిలోల చేపను పట్టుకుని, ముద్దు చేసి, నీళ్లలో వదలడం! ఆ పండుగప్పను అమ్మితే ఆయనకు నాలుగు రోజుల డీజిలు వస్తుంది. ఆ మాటలో న్యాయం లేదనడానికి లేదు. అందుకని మధ్యస్థంగా ఉన్న ఒకటో రెండో చేపలు పడవవాళ్ల ఇంటికి పంపడం, మరీ చిన్నవీ మరీ పెద్దవీ తిరిగి నీళ్లలోకి వదలడం అనే ఒప్పందం బయలుదేరేటప్పుడే చేసుకుంటే గొడవ ఉండదు. చేప చేతిలో ఉన్నాక బేరం మొదలుపెడితే అది ఈలోగా చచ్చిపోతుంది.

వదిలేటప్పుడు హడావుడి పనికిరాదు. మార్చి, ఏప్రిల్ నీళ్లు వెచ్చగా ఉంటాయి, వాటిలో ఆక్సిజన్ తక్కువ. ఎక్కువసేపు లాగి లాగి అలిసిపోయిన చేపను అలా గిరాటేస్తే వెల్లకిలా తేలుతుంది. గాలం ముల్లును ముందే కటింగ్ ప్లేయరుతో నొక్కేసి ఉంచితే నోట్లోంచి తీయడానికి క్షణం చాలు. తడి చేతులతో పొట్ట కింద పట్టుకుని, తల నీటివాలుకి ఎదురుగా పెట్టి, మొప్పల్లోంచి నీరు నడవనివ్వాలి. నిమిషం పట్టొచ్చు, అయిదు నిమిషాలు పట్టొచ్చు. దానికి ఓపిక వచ్చిందని అదే చెబుతుంది, తోక ఒక్కటి కొట్టి ముఖం మీద నీళ్లు చిమ్మి పోతుంది. మళ్లీ ఎర గుచ్చే ముందు దారాన్ని ఒకసారి వేళ్ల మధ్య జార్చి చూసుకోవాలి. ఆ చెంప అంచు దాన్ని ఎక్కడో ఒకచోట కోసే ఉంటుంది.